ఆ చిన్న మాత్ర చుట్టూ ఉన్న భయాలు



మాది బచేలి. ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడ జిల్లాలో బైలాడిలా కొండల పక్కన ఉంటుంది. కొండలు ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. అక్కడి గనుల్లో తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. గనుల్లో ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. పెద్ద జబ్బు చేస్తే మావాళ్ళు కూడా ఖనిజం వెళ్ళే దారినే విశాఖకు వెళతారు.

కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇంటికి వచ్చింది. వయసు ముప్ఫై రెండు. ఐదేళ్ళ కొడుకు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, కీమోథెరపీ అయింది. ఇక రోజుకొక మాత్ర చొప్పున కొన్నేళ్ళు వేసుకోవాలన్నారు. ఆమె సంచిలోంచి మందుపెట్టెలో వచ్చే మడతల కాగితం తీసింది. "మేడం, దీనివల్ల గర్భాశయ క్యాన్సర్ రావచ్చని రాసుందండి. ఒక క్యాన్సర్ పోగొట్టుకోవడానికి ఇంకో క్యాన్సర్ తెచ్చుకోమంటారా?" అని అడిగింది. కాసేపటికి అసలు సంగతి చెప్పింది. నాలుగు నెలలుగా మాత్ర వేసుకోవడం లేదు. రోజూ రాత్రి అత్తగారి ఎదుట మాత్ర చేతిలోకి తీసుకుని, నీళ్ళు తాగి, ఆ మాత్రను పెరట్లో పారేస్తోంది.

ఆమె వేసిన ప్రశ్న తెలివైన ప్రశ్న. ఈ రోజు మన పాఠం దాని గురించే. నేను డాక్టర్ని కాను, సైన్సు చెప్పేదాన్ని. ఏ మందు వేసుకోవాలో చెప్పడం నా పని కాదు. ఆ కాగితాన్ని ఎలా చదవాలో మాత్రం చెప్పగలను.

ముందుగా పేరు విషయం. హార్మోన్ చికిత్స అనగానే ఒంట్లోకి హార్మోన్లు ఎక్కిస్తారని చాలామంది అనుకుంటారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు కొన్ని ఇబ్బందులు తగ్గడానికి హార్మోన్లు ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. 2002లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, రెండు రకాల హార్మోన్లు కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ కొంత పెరిగినట్టు తేలి, ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. రొమ్ము క్యాన్సర్ రోగులకు చేసే హార్మోన్ చికిత్స దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఇందులో హార్మోన్ పనిని అడ్డుకుంటారు. ఒకే పేరు రెండింటికీ ఉండటం వల్ల సగం భయం పుట్టింది.

అడ్డుకోవడం అంటే ఏమిటో చూద్దాం. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ముఖ్యంగా అండాశయాల్లో తయారై రక్తంలో ప్రయాణిస్తుంది. కొన్ని కణాల్లో దాన్ని పట్టుకునే ప్రోటీన్లు ఉంటాయి. వాటిని గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు అంటాం. ఈస్ట్రోజన్ వచ్చి గ్రాహకానికి అతుక్కుంటే, విభజన చెందమని కణానికి ఆదేశం అందుతుంది. రొమ్ము క్యాన్సర్లలో సగానికి పైగా ఈ గ్రాహకాలు ఉన్నవే. గ్రాహకాలు లేని క్యాన్సర్‌కు ఈ చికిత్స పనికిరాదు. అందుకే తీసిన గడ్డను పరీక్షించి, గ్రాహకాలు ఉన్నాయో లేదో తేల్చుకున్న తరువాతే ఈ మందు ఇస్తారు.

మా ఊరి పోలిక ఒకటి చెబుతాను. ఖనిజం నింపే చోట వ్యాగన్ వచ్చి ఆగితే పైనుంచి ఖనిజం పడుతుంది. పైకప్పు మూసేసిన వ్యాగన్ ఒకటి సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిపోయిందనుకోండి. చోటు నిండింది, కానీ ఖనిజం లోపల పడదు. వెనకున్న వ్యాగన్లు ముందుకు రాలేవు. టామాక్సిఫెన్ అనే మందు రొమ్ము కణంలో చేసేది ఇదే. గ్రాహకంలో ఈస్ట్రోజన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది, ఆదేశం మాత్రం ఇవ్వదు.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్, ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని చోటును ఆక్రమించే మందు. దానితో పిల్లల రక్త క్యాన్సర్ తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఒక పదార్థాన్ని పోలిన మరో పదార్థంతో దాని పనిని ఆపవచ్చన్న ఆలోచన రెండు మందుల్లోనూ ఉంది.

హార్మోన్ చికిత్స చరిత్ర ఇంకా పాతది. గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, అండాశయాలు తొలగిస్తే కొందరు యువతుల్లో రొమ్ము క్యాన్సర్ తగ్గుముఖం పట్టిందని 1896లో ప్రకటించాడు. అప్పటికి హార్మోన్ అన్న మాటే పుట్టలేదు. అది 1905లో వచ్చింది. టామాక్సిఫెన్‌ను 1962లో ఇంగ్లండులో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసింది. గర్భనిరోధక మాత్ర కోసం వెతుకుతుంటే దొరికిన పదార్థం అది. తీరా చూస్తే, అది స్త్రీలలో అండం విడుదలను ప్రోత్సహించింది. ఆ పనికి పనికిరాని మందును 1973లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతించారు. మన లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన 'సహేలి' మాత్ర కూడా ఇలా గ్రాహకం మీద పనిచేసే తరగతికి చెందినదే. ఇప్పుడు ప్రభుత్వం దాన్ని 'ఛాయ' పేరుతో ఇస్తోంది.

ఇక దుష్ప్రభావాల సంగతి. ఒకే మందు వేర్వేరు అవయవాల్లో వేర్వేరుగా ఎందుకు ప్రవర్తిస్తుంది? గ్రాహకం ఒంటరిగా పనిచేయదు, ప్రతి కణంలోనూ దానికి సహాయక ప్రోటీన్లు ఉంటాయి. రొమ్ములో ఉన్న సహాయకులు వేరు, గర్భాశయంలో, ఎముకల్లో ఉన్నవి వేరు. అందువల్ల టామాక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజన్‌ను అడ్డుకుంటుంది, గర్భాశయపు లోపలి పొరలో ఈస్ట్రోజన్‌లాగే ప్రవర్తిస్తుంది. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఎముకలకు మేలు కూడా చేస్తుంది. ఆ అమ్మాయి చదివిన కాగితం అబద్ధం చెప్పలేదు. అయితే ప్రమాదం ఉందని చెప్పింది గానీ, ఎంత అన్నది ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేదు.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. నోటు పుస్తకాలు తీయండి. అట్లాస్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో, ఐదేళ్ళు టామాక్సిఫెన్ వాడిన స్త్రీలలో సగం మందిని ఆపమన్నారు, సగం మందిని పదేళ్ళ వరకు కొనసాగించమన్నారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఐదో ఏటి నుంచి పద్నాలుగో ఏటి వరకు లెక్క చూస్తే, ఆపినవారిలో వెయ్యికి సుమారు 16 మందికి, కొనసాగించినవారిలో 31 మందికి గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. "ముప్పు రెట్టింపు" అంటే ఇదే. వినడానికి భయంగానే ఉంది. అయితే దానివల్ల చనిపోయినవారు వెయ్యికి ఇద్దరి నుంచి నలుగురయ్యారు. మరి రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవారు? గ్రాహకాలు ఉన్న రోగులలో ఆపినవారిలో వెయ్యికి 150, కొనసాగించినవారిలో 122. ఒక పక్క ఇద్దరు అదనంగా పోయారు, మరో పక్క 28 మంది దక్కారు. పైగా గర్భాశయ క్యాన్సర్ ముప్పు పెరిగింది ఎక్కువగా నెలసరి ఆగిపోయిన వయసువారిలోనే. ఆ దశకు రాని యువతుల్లో పెరుగుదల చాలా స్వల్పం.

మొదటి ఐదేళ్ళ చికిత్స విలువ దీనికంటే ఎక్కువ. పలు అధ్యయనాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణలో, ఐదేళ్ళ టామాక్సిఫెన్ వల్ల పదిహేనేళ్ళ కాలంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని తేలింది. రెట్టింపు, సగం, మూడో వంతు అన్న మాట ఎక్కడ విన్నా "వెయ్యి మందిలో ఎంతమంది?" అని అడగండి. ఇవాళ్టి పాఠంలో మీరు ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు.

ఇంతమాత్రాన ఆ బాధలు చిన్నవని నేను అనడం లేదు. ఒక్కసారిగా ఒళ్ళంతా వేడి ఆవిర్లు, రాత్రిళ్ళు చెమటలు, నిద్రలేమి, నెలసరి తప్పడం, యోని పొడిబారడం, దిగులు. ముప్ఫై ఏళ్ళకే యాభై ఏళ్ళ శరీరం వచ్చినట్టు ఉంటుందని వాడినవారు చెబుతారు. ఇంటిపని, ఉద్యోగం, పిల్లవాడి బడి అన్నీ వీటితోనే చేసుకోవాలి. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, కాలిఫోర్నియాలోని 8,769 మందిలో దాదాపు సగం మందే హార్మోన్ మందును పూర్తికాలం సక్రమంగా వాడారు. నలభై ఏళ్ళలోపువారిలో మానేసినవారి వాటా ఎక్కువ. అంటే మా ఊరి అమ్మాయి చేసిన పని ఆమె ఒక్కతే చేసింది కాదు.

యువతులకు ప్రత్యేకంగా వర్తించే విషయాలు మరి కొన్ని ఉన్నాయి. లెట్రోజోల్, ఎగ్జెమెస్టేన్ వంటి మందులు ఈస్ట్రోజన్ తయారీనే తగ్గిస్తాయి. అండాశయాలు చురుగ్గా ఉన్న వయసులో అవి ఒంటరిగా చాలవు. అండాశయాల పనిని ఆపే ఇంజెక్షన్లు కూడా ఇవ్వాలి. సాఫ్ట్ అనే అధ్యయనం 2015లో వెలువడింది. అందులో 35 ఏళ్ళలోపువారిని చూస్తే, ఐదేళ్ళ తరువాత రొమ్ము క్యాన్సర్ తిరిగి రానివారు టామాక్సిఫెన్ మాత్రమే వాడినవారిలో నూటికి 68 మంది, ఇంజెక్షన్లు కూడా తీసుకున్నవారిలో 79 మంది, ఇంజెక్షన్లతో ఎగ్జెమెస్టేన్ వాడినవారిలో 83 మంది. ఫలితం పెరిగినకొద్దీ వేడి ఆవిర్లు, కీళ్ళనొప్పులు, ఎముకలు పలచబడటం కూడా పెరుగుతాయి. ఎవరికి ఏది తగినదో జబ్బు తీవ్రతను బట్టి డాక్టర్, రోగి కలిసి నిర్ణయించుకోవాలి.

రెండోది, పిల్లలు. టామాక్సిఫెన్ వాడుతూ గర్భం దాల్చకూడదు, బిడ్డకు హాని కలగవచ్చు. నెలసరి తప్పుతోంది కదా, గర్భం రాదులే అనుకోవడం పొరపాటు. మరి ఈ చికిత్సలో ఉంటే తల్లి కావడం అసాధ్యమా? పాజిటివ్ అనే అధ్యయనంలో 42 ఏళ్ళలోపు స్త్రీలు ఐదు వందల మందికి పైగా, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు మందు వాడాక, గర్భం కోసం డాక్టర్ల పర్యవేక్షణలో రెండేళ్ళ వరకు ఆపారు. 2023లో ఫలితాలు వచ్చాయి. నూటికి 74 మంది గర్భం దాల్చారు, 64 మంది బిడ్డను కన్నారు. మూడేళ్ళలో క్యాన్సర్ తిరిగి వచ్చినవారు నూటికి 9 మంది. అలా ఆపని, వారితో పోల్చదగిన రోగులలోనూ అంతే. అయితే ఈ క్యాన్సర్ చాలా ఏళ్ళ తరువాత కూడా తిరగబెట్టగలదు, కాబట్టి వారిని ఇంకా గమనిస్తూనే ఉన్నారు. ప్రసవం తరువాత మళ్ళీ మందు మొదలుపెట్టడం ఇందులో భాగం. డాక్టర్‌కు చెప్పి ఆపడానికీ, పెరట్లో పారేయడానికీ ఉన్న తేడా గమనించారు కదా!

మూడోది, ఇతర మందులు. కాలేయంలోని ఒక ఎంజైమ్ టామాక్సిఫెన్‌ను మరింత శక్తిమంతమైన రూపంలోకి మారుస్తుంది. దిగులుకు ఇచ్చే పారోక్సిటిన్, ఫ్లుఓక్సిటిన్ వంటి మందులు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందుకే వాడే ప్రతి మందూ, నాటు మందుతో సహా, డాక్టర్‌కు చెప్పాలి. ఇక రక్తం గడ్డకట్టే ముప్పు కొద్దిగా పెరుగుతుంది. ఒక కాలే వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, అసహజంగా రక్తస్రావమైనా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కిరండూల్ నుంచి విశాఖకు రైల్లో ఇంచుమించు పగలంతా పడుతుంది. అంతసేపూ కదలకుండా కూర్చోవద్దని, మధ్యమధ్య లేచి నడవమని, నీళ్ళు తాగమని మా ఊరివాళ్ళకు నేను చెబుతుంటాను.

ఆ అమ్మాయికి నేను మాత్ర వేసుకో అనలేదు, మానేయ్ అనలేదు. కూర్చోబెట్టి ప్రశ్నలు రాయించాను. నా గడ్డలో గ్రాహకాలు ఉన్నాయా? మందు వాడితే, మానేస్తే నాలాంటివారు వందమందిలో ఎంతమందికి తిరగబెడుతుంది? రాత్రి నిద్ర పట్టడానికి దారి ఉందా? రెండో బిడ్డను కనవచ్చా, ఎప్పుడు? నాలుగు నెలలు మానేశాను, ఇప్పుడేం చేయాలి? చివరి ప్రశ్న రాయడానికే ఆమెకు ఎక్కువసేపు పట్టింది. తరువాతి వారం తోడుగా నేనూ విశాఖ వెళ్ళాను. డాక్టర్ గారు కోప్పడలేదు. ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పారు. మందు మళ్ళీ మొదలైంది, వేసుకునే వేళ మార్చారు. వేడి ఆవిర్లు పూర్తిగా పోలేదు. ఇప్పుడు వచ్చినప్పుడల్లా కిటికీ తెరిచి కాసేపు కూర్చుంటుంది. అత్తగారు కూడా లేచి మంచినీళ్ళు ఇస్తున్నారట.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1 లక్షా 92 వేల మంది రొమ్ము క్యాన్సర్ బారిన పడుతున్నారు. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి మాత్ర వాడే అమ్మో, అక్కో, పిన్నో ఉండవచ్చు. మందు కాగితం ఆమెకు అర్థమయ్యే భాషలో చదివి పెట్టండి. "వేసుకున్నావా?" అని మాత్రమే కాకుండా "ఎలా ఉంది?" అని కూడా అడగండి. ఆమె చెప్పిన బాధను ఒక కాగితం మీద రాసి, ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు చేతికివ్వండి.