సంతానము కొరకు మందులు – తల్లి గుండెను మరువరాదు

(శతవార్షికోత్సవముల సందర్భమున సాలూరు స్త్రీల సమాజ కూటములో ఒక పాస్టరుగారు చేసిన ప్రసంగ పాఠము)



స్త్రీల సమాజపు కూటమని పిలిచి పురుషులను కూడ కూర్చోబెట్టితిరేమని గుమ్మము దగ్గర ఒక పెద్దాయన మమ్మును అడిగిరి. నేటి విషయము పిల్లలు లేని దంపతులను గూర్చినది. దంపతులలో సగము పురుషుడే గదా! కనుక దయచేసి ఎవరును లేచిపోవలదు.

మేము వైద్యులము కాము. వేదశాస్త్ర కళాశాలలో మాకు గ్రీకు, హెబ్రీ భాషలు నేర్పిరి గాని నాడి పట్టుట నేర్పలేదు. అయినను పిల్లలు లేని స్త్రీ తరచుగా డాక్టరు కంటె ముందు పాస్టరు ఇంటి గుమ్మము తొక్కును. ప్రార్థన చేసి పంపివేయుటతో మా పని తీరిపోయినదని చాలకాలము అనుకొంటిమి. అది పొరపాటని తెలిసిన విధమును మొదట చెప్పుదుము.

కొన్నేండ్ల క్రిందట మా సంఘములోనికి కోడలుగా వచ్చిన ఒక అమ్మాయికి ఐదేండ్లయినను కడుపు పండలేదు. ప్రతి ఆదివారము ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయించితిమి. మేలు చేయుచున్నామనియే మా తలంపు. ఆమె మాత్రము ముందు వరుస నుండి వెనుక వరుసకు, అక్కడనుండి గుమ్మము దగ్గరకు జరిగి, చివరకు గుడికి రావడమే మానుకొన్నది. అత్తగారు ఎవరో బంధువుల మందుచీటీ తెచ్చి, మందుల షాపులో అండము విడుదలకు వాడు మాత్రలు కొనిపెట్టెను. ఏడాదికి పైగా అవే మాత్రలు. మెట్లెక్కితే ఆయాసము వచ్చెడిది. "మాత్రల వేడిలే" అని ఇంట్లోవారు మజ్జిగ ఇచ్చుచు వచ్చిరి. కడకు మా ఇంటి అమ్మగారు పట్టుబట్టి విశాఖపట్టణము తీసికొనిపోగా, అక్కడ డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, ఏమియు మాటలాడక ముందు గుండెకు స్కానింగు వ్రాసిరి. చిన్ననాట వచ్చిన కీళ్లజ్వరము గుండెలోని ఒక కవాటమును ఇరుకు చేసియుండెను. ఆ సంగతి అంతవరకు ఎవరికిని తెలియదు.

మాత్రలు ఆమె గుండెను పాడుచేయలేదని డాక్టరమ్మ స్పష్టముగా చెప్పిరి. అయితే మాత్రలు పనిచేసి గర్భము నిలిచియుంటే? గర్భిణి శరీరములో రక్తము 40 నుండి 50 శాతము వరకు పెరుగును. ఇరుకైన కవాటము ఆ వరదను మోయలేక, నిండు గర్భములోనో కాన్పులోనో ప్రాణము మీదికి వచ్చును. తిరుగు ప్రయాణములో బస్సులో ఆ అమ్మాయి మాతో అన్న మాట ఒక్కటే: "అయ్యగారూ, మైకులో నా పేరు సెప్పడం మానీండి, సాలు."

ఆ మాట విన్న తరువాతనే ఈ మందులను గూర్చి చదువుటకును, తెలిసిన వైద్యులను అడుగుటకును పూనుకొంటిమి. తెలిసికొన్నంత మట్టుకు మీ ముందుంచుచున్నాము.

స్త్రీ శరీరములో నెలకొక అండము పక్వమై విడుదల కావలెను. అందుకు ఆజ్ఞ తలలోని పీయూష గ్రంథి నుండి వచ్చును. కొందరిలో ఆజ్ఞ సరిగా రాదు, కొందరిలో వచ్చినను అండాశయము వినదు. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వచ్చుట, ఒళ్లు పెరుగుట, గడ్డము మీద వెండ్రుకలు మొలచుట గల స్త్రీలలో తరచుగా ఈ లోపము కనబడును. పీసీఓడీ అని మీరు వినుచున్నది ఇదే. థైరాయిడ్ లోపము వలన కూడ అండము విడుదల ఆగవచ్చును.

దీనికి వాడు పాత మాత్ర క్లోమిఫిన్. 1956లో అమెరికాలో ఫ్రాంక్ పాలోపోలి అను రసాయన శాస్త్రజ్ఞుడు తన తోడివారితో దీనిని తయారుచేసిరి. 1967లో అక్కడి ప్రభుత్వము అనుమతించెను. రక్తములో ఈస్ట్రోజెన్ అను స్త్రీ రసము తగ్గిపోయినదని ఈ మాత్ర మెదడును నమ్మించును. మెదడు కంగారుపడి పీయూష గ్రంథి చేత గట్టిగా ఆజ్ఞ ఇప్పించును. నెలసరి మొదలైన తొలి దినములలో ఐదు దినములు మాత్రమే దీనిని వాడుదురు. ఆరు నెలసరులకు మించి సాగదీయరాదని వైద్యుల సామాన్య నియమము. చూపు మసకబారినను, కండ్ల ముందు మెరుపులు కనబడినను వెంటనే ఆపి డాక్టరుకు చూపించవలెను. ఈ మాత్రతో నిలిచిన గర్భములలో నూటికి ఏడు వరకు కవలలు.

రెండవ మాత్ర లెట్రజోల్. ఇది రొమ్ము క్యాన్సరుకు పుట్టిన మందు. సంతానము కొరకు దీనిని వాడరాదని మన ప్రభుత్వము 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధమును ఎత్తివేసెను. 2014లో ప్రకటింపబడిన అమెరికా పరీక్షలో పీసీఓడీ గల 750 మంది స్త్రీలను పరిశీలింపగా, లెట్రజోల్ వాడినవారిలో నూటికి 27.5 మందికి, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 మందికి బిడ్డలు కలిగిరి. ఎక్కువ ఫలించిన మందుతో సహితము నూటికి 70 మందికి పైగా ఆ పరీక్షలో బిడ్డ కలుగలేదు. ఈ లెక్క మరువకుడి.

మాత్రలు పనిచేయనప్పుడు ఇంజెక్షనులు ఇత్తురు. వీటి చరిత్ర వింతైనది. తొలిరోజులలో ఈ మందును ముట్లుడిగిన స్త్రీల మూత్రము నుండి తీసెడివారు. అందుకొరకు ఇటలీ దేశపు మఠములలోని వృద్ధ సన్యాసినుల సాయము పొందిరి. ఆ మందుతో తొలి బిడ్డ 1962లో పుట్టెను. బిడ్డలు వద్దని వ్రతము పూనిన తల్లుల వలన బిడ్డలు లేని తల్లుల ఒడి నిండినది.

ఇక గుండె సంగతి. దీనిలో మూడు విషయములు కలగాపులగము కాకుండ చూచుకొనవలెను.

మొదటిది, ఇంజెక్షనుల వలన అండాశయములు అతిగా ఉబ్బుట. అప్పుడు రక్తనాళములలోని నీరు పొట్టలోనికి ఊరి రక్తము చిక్కబడును. కాలిలో గడ్డ కట్టి ఊపిరితిత్తులకు ఎక్కవచ్చును. పొట్ట ఉబ్బి, రెండు మూడు దినములలోనే బరువు పెరిగి, మూత్రము తగ్గి, ఆయాసము వచ్చినచో తెల్లవారనిమ్మని ఆగకుడి. 108కి ఫోను చేయుడి. మాత్రలతో ఇట్లు జరుగుట అరుదు.

రెండవది, దాగియున్న గుండె జబ్బు. మందు ఫలించి గర్భము నిలిచినప్పుడు, అందులోను కవలలైనప్పుడు, బరువు మోయునది గుండెయే. మన పల్లెలలో కీళ్లజ్వరము వచ్చి గుండె కవాటము చెడిన ఆడపిల్లలు ఇంకను ఉన్నారు. మందు మొదలుపెట్టకముందే గుండె చప్పుడు వినుట, రక్తపోటు, షుగరు, థైరాయిడ్, రక్తహీనత చూచుట అవసరము. ఇందులో చాలవరకు ఈ సాలూరులోనే జరుగును.

మూడవది, తరువాతి సంవత్సరముల సంగతి. కెనడా దేశపు ఆంటారియో రాష్ట్రములో ఇట్టి వైద్యము పొందిన 28,442 మంది స్త్రీల వివరములు 2017లో ప్రకటించిరి. వీరిలో 9,349 మందికి బిడ్డలు కలిగిరి, 19,093 మందికి కలుగలేదు. సుమారు ఎనిమిదేండ్లు గమనింపగా, బిడ్డ కలిగినవారిలో ఏటా వెయ్యికి 9 మందికి గుండె, రక్తనాళముల జబ్బు రాగా, కలుగనివారిలో ఏటా వెయ్యికి 11 మందికి వచ్చెను. భేదము చిన్నదే. అదియు ఇంజెక్షను వైద్యమును గూర్చినదే. మందే కారణమని ఆ పరిశోధకులు తీర్పు చెప్పలేదు. అంతకుముందు 2013లో వారే, ఇట్టి వైద్యముతో తల్లులైన 6,979 మందిని ఇతర తల్లులతో పోల్చి చూడగా, గుండె జబ్బులు తక్కువగానే కనబడెను. అండము సరిగా విడుదల కాని శరీరములో షుగరు, రక్తపోటు, కొవ్వు ముందే పొంచియుండవచ్చును. వైద్యము ఫలించకపోవుట ఆ శరీరము ఇచ్చు ముందు హెచ్చరిక కావచ్చునని వారి తలంపు.

ఇప్పుడు మన సంఘమును జ్ఞాపకము చేసికొనుడి. మందు వాడుచున్నన్ని దినములు అందరమును ఆమెను అడుగుదుము. బిడ్డ కలిగినచో కృతజ్ఞతార్పణ చేయింతుము. బిడ్డ కలుగక వైద్యము మానినచో, పాపమని తల తిప్పుకొందుము. ఎవరి గుండెను ఎక్కువ కనిపెట్టి చూడవలెనో వారినే మనము మరచుచున్నాము.

మన తప్పులు మరికొన్ని కలవు. భర్తను పరీక్షింపకుండ భార్యకు మందు పోయుట మొదటిది. ఇంచుమించు సగము జంటలలో పురుషుని వైపున కూడ లోపముండును. అతని పరీక్ష సులువు, ఖర్చును తక్కువ. మన ఊరు లారీల ఊరు. మగడు లోడు వేసికొని ఘాటీ ఎక్కి రాయపూరు వెళ్లియుండగా, భార్య ఇక్కడ ఐదు దినములు మాత్ర మ్రింగి ఏమి లాభము? ఆ నెల మందు వృథా, ఆ నెల నింద మాత్రము ఆమెకే.

ఒకరి చీటీతో మరియొకరు మందు కొనుట రెండవ తప్పు. అన్నిటికంటె పెద్ద తప్పు మన నోటిలో ఉన్నది. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏండ్లు దాటిన ఒక స్త్రీ పరీక్షనాళిక పద్ధతిలో కవలలను కన్న వార్త లోకమంతట ప్రాకెను. పిల్లలు లేనిదని ఊరివారు పిలిచిన పిలుపు ఆమె విలేకరులతో చెప్పుకొన్నది. ఆ వయసున గుండె మీద అంత బరువు మోయించినది ఏ మందు? ఆ పిలుపు గాదా? 2021లో వచ్చిన చట్టము ఇట్టి వైద్యమునకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్ల హద్దు పెట్టెను. నాలుకకు హద్దు చట్టము పెట్టజాలదు, మనమే పెట్టుకొనవలెను.

ఇది మనకు చేతకానిది కాదు. ఒకనాడు కుష్ఠు వచ్చినవానిని శాపగ్రస్తుడని ఊరు వెళ్లగొట్టెను. ఇదే సాలూరులో ఫిలదెల్ఫియా ఆసుపత్రి వారికి తలుపు తెరచెను. అది క్రిమి వలన వచ్చు జబ్బు, మందుతో పోవునది అని మన పెద్దలు ఇతరులకంటె ముందు నేర్చుకొనిరి. సంతానము లేమిని గూర్చి ఆ పాఠము మనము ఇంకను నేర్వలేదు.

మా మట్టుకు మేము ఏలీ యాజకుని తలంచుకొనుచుందుము. దుఃఖముతో పెదవులు కదలించు హన్నాను చూచి ఆమె త్రాగియున్నదనుకొనెను. ఆమె సంగతి అడుగకమునుపే తీర్పు చెప్పెను. తెలిసిన తరువాత మాట మార్చుకొని సమాధానముతో పంపెను. ఆ మాట మార్చుకొనుటయైనను మేము నేర్చుకొనుచున్నాము. ఇకమీదట అడుగకుండ ఎవరి పేరును మైకులో చదువము.

మీరును మూడు పనులు చేయుడి. గుమ్మము దగ్గర "విశేషమేమైనా ఉందా?" అని కోడలిని అడుగుట మానుడి. ఆసుపత్రికి ఆలుమగలను కలిపి పంపుడి. వైద్యము మానినవారిని ఏడాదికొకసారి రక్తపోటు, షుగరు చూపించుకొనుటకు తోడుపోయి తీసికొని వెళ్లుడి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగించుదుము. కవాటమునకు వైద్యము జరిగినది. మూడు వారములకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను చేయించుకొనుచు, కూరగాయల దుకాణము నడుపుకొనుచున్నది. నేటికిని పిల్లలు లేరు. మెట్లు మాత్రము ఆయాసము లేకుండ ఎక్కుచున్నది. మరల గుడికి వచ్చుచున్నది.

ఆమెను చూచినప్పుడు అడుగవలసిన ప్రశ్నను, అడుగరాని ప్రశ్నను ఎరుగు వివేచన ప్రభువు మనకు దయచేయును గాక.