గేర్‌బాక్సు ఇంటి దగ్గర విప్పాం: మరమ్మతు హక్కు రైతుదే

(నందిగామలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పత్తి ధర, మిర్చి ధర, సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్ల సంగతి మాట్లాడుకున్నాం. అవన్నీ మాట్లాడాల్సినవే. నాకిచ్చిన విషయం మాత్రం వేరు. పెట్టుబడి లెక్క వేసేటప్పుడు విత్తనం రాస్తాం, ఎరువు రాస్తాం, పురుగుమందు, కూలి, కౌలు రాస్తాం. ట్రాక్టర్ మరమ్మతుకు పోయిన డబ్బును మాత్రం ఎవరమూ సరిగా రాయం. ఆ ఖర్చు ఎందుకు పెరుగుతోంది, మన చేతిలోకి ఎలా తెచ్చుకోవాలి అన్నదే నా మాట. మొన్న వేసవిలో మా ఊళ్లో మొదటిసారిగా ఒక ట్రాక్టర్ గేర్‌బాక్సును ఇంటి దగ్గరే పూర్తిగా విప్పి కట్టాం. ఆ అనుభవం చెప్పమని సంఘం అడిగింది.

మన మెట్ట ప్రాంతంలో ట్రాక్టర్ పడే కష్టం మీకు తెలుసు. నల్లరేగడిలో లోతు దుక్కి, గుంటక, రోటవేటరు. కాలువ కింద వరి మళ్లల్లో ఇనుప చక్రాలతో దమ్ము. పంట అయ్యాక మిర్చి టిక్కీలు, పత్తి బోరాలు నింపిన ట్రక్కు లాగుడు. ఈ బరువంతా పడేది గేర్‌బాక్సు మీదే. దమ్ములో సీళ్ల సందుల నుంచి నీళ్లు లోపలికి దిగుతాయి. తొలకరికి ముందు ట్రాక్టర్ ఆగిందంటే అదును పోతుంది. అదును పోయాక ఎంత బాగుచేసినా ఆ ఏడు ఆ చేనుకు పనికిరాదు.

మన తాతల కాలంలో నాగలి కర్రు అరిగితే ఊళ్లో కొలిమి ఉండేది. గొర్రు విరిగితే వడ్రంగి ఉండేవాడు. పనిముట్టు ఎవరు చేశారో, ఎవరు బాగుచేస్తారో అంతా ఊళ్లోనే ఉండేది. ట్రాక్టర్ వచ్చాక కూడా మొదట్లో ఇబ్బంది లేదు. విజయవాడ ఆటోనగర్‌కు పోతే ఏ భాగమైనా దొరికేది, దొరక్కపోతే లేతు మీద తిప్పి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు షోరూముకు పోతే ముందు వచ్చే మాట ఒకటే: "మొత్తం అసెంబ్లీ మార్చాలండీ." మాకూ అదే చెప్పారు.

మా ట్రాక్టరుకు మూడో గేరు బరువు మీద జారిపోతోంది. వదిలేస్తే లోపల కూత వస్తోంది. మిరప కల్లాలు అయిపోయి, దుక్కులకు ఇంకా టైమున్న రోజులు. సంఘం సభ్యులం ముగ్గురం, ఒకప్పుడు ఆటోనగర్‌లో లారీలకు పనిచేసి ఊరికొచ్చేసిన మిస్త్రీ ఒకాయన, నలుగురం కూర్చుని విప్పి చూద్దామనుకున్నాం.

మొదటి పని స్పానరు పట్టడం కాదు, ఆయిల్ దించి చూడడం. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు. సన్నటి బూడిద రంగు పిండి ఉంటే మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ఇనప ముక్కలు వస్తే పన్నో, బేరింగో విరిగినట్టు. మాకు పొరల్లాంటి రేకులు వచ్చాయి. బేరింగు లోపలి దారి పెచ్చులూడితే అలా వస్తాయని మిస్త్రీ చెప్పాడు. విప్పక ముందే సగం జబ్బు తెలిసింది. ఇది మీలో ఎవరైనా ఇంటి దగ్గర చేయగల పరీక్ష.

రెండోది జాగ్రత్త. ట్రాక్టరుకు లారీలాగా కింద ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్చి హౌసింగు, గేర్‌బాక్సు, వెనక యాక్సిలు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, అదే దాని వెన్నెముక. మధ్యలో విడగొడితే ముందు సగం పక్కకు ఒరుగుతుంది, ఎందుకంటే ముందు యాక్సిలు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. అందుకని విడగొట్టే ముందు ఆ యాక్సిలుకు రెండు పక్కలా చెక్క మేకులు బిగించాం. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టాం. జాకీ మీద వదలకుండా కింద గట్టి దుంగలు పేర్చాం. గేర్‌బాక్సును చెయిన్ బ్లాకుతో దించాం. జాకీ జారితే ప్రాణం పోతుంది. ఈ ఏర్పాట్లు లేకుండా ఎవరూ విప్పొద్దు, ఈ మాట మరీ మరీ చెబుతున్నాను.

మూడోది వరుస. కొత్త టార్పాలిన్ పరిచి, ఏ భాగం ఏ వరుసలో వచ్చిందో అదే వరుసలో పెట్టాం. ప్రతి అడుగుకీ ఫోనులో ఫొటో తీశాం. షాఫ్టు మీద పల్చటి రేకు ఉంగరాలు ఉంటాయి, షిమ్ములంటారు. అవి చెత్తలా కనిపిస్తాయి కానీ షాఫ్టు ఎంత ఆడాలో నిర్ణయించేది అవే. ఒక్కటి తప్పిపోయినా, పక్కదానితో మారినా బేరింగు మళ్లీ పోతుంది.

విప్పాక తేలింది ఏమిటంటే, గేరు జారడానికి గేరు పళ్లు కారణం కాదు. పళ్లు బాగానే ఉన్నాయి. గేరును జరిపే ఫోర్కు కొసలు అరిగాయి. గేరును పట్టి ఉంచే గోళీ వెనక స్ప్రింగు చచ్చిపోయింది. ఒక షాఫ్టుకు రెండు పక్కల బేరింగులు పోయి షాఫ్టు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. రెండు బేరింగులు, ఒక ఫోర్కు, స్ప్రింగులు, ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లు. మార్చాల్సింది అంతే. మొత్తం అసెంబ్లీ ధరలో అది పదో వంతు కూడా కాలేదు.

బేరింగుల గురించి ఒక మాట. ట్రాక్టర్ కంపెనీ డబ్బాలో వచ్చినా, బేరింగు షాపులో కొన్నా, పక్కన చెక్కిన నంబరు చూడండి. మామూలు బాల్ బేరింగులకు ఆ నంబరులో చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 6208 అంటే ఎనిమిది ఐదులు నలభై. 6308కి కూడా లోపల నలభయ్యే. కానీ మొదటిదానికి బయట 80 మిల్లీమీటర్లు, రెండోదానికి 90. ఈ లెక్క 04 నుంచి పైకి వర్తిస్తుంది. నంబరు తెలిసిన రైతును డబ్బా చూపించి మోసం చేయడం కష్టం. బిగించేటప్పుడు సుత్తితో కొట్టకుండా, బేరింగును నూనెలో వేడిచేసి షాఫ్టు మీదకు జార్చాం.

ఇంటి దగ్గర చేయకూడనిది కూడా చెప్పాలి. వెనక ఉండే క్రౌను, పినియను జతగా తయారైనవి, జతగానే మార్చాలి. వాటి మధ్య సందు కొలిచి, పళ్లు ఎక్కడ తాకుతున్నాయో రంగు పూసి చూసి అమర్చాలి. దానికి డయల్ గేజీ కావాలి, అలవాటున్న చెయ్యి కావాలి. మేం దాన్ని ముట్టుకోలేదు. అలాగే ఆయిల్. బ్రేకులు ఆయిల్లో మునిగి ఉండే ట్రాక్టరుకు, పొడి బ్రేకుల ట్రాక్టరుకు ఒకే ఆయిల్ కుదరదు. పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయాలి. నాలుగు రోజుల్లో కట్టాం. మొదట చక్రాలు పైకెత్తి అన్ని గేర్లూ తిప్పి చూశాం. తర్వాత ఖాళీగా, ఆ తర్వాత గుంటకతో. తొలకరి దుక్కులన్నీ ఆ ట్రాక్టరే దున్నింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మాకు అడ్డం వచ్చింది ఇనుము కాదు. వర్క్‌షాపు పుస్తకం రైతుకు అమ్మరు, ఎక్కడో దొరికినా తెలుగులో ఉండదు. ఫోర్కు విడిగా ఇవ్వమంటే రాడ్డుతో కలిపి సెట్టు కొనమన్నారు. ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే కాయితం ఒక పాత మెకానిక్ దగ్గర దొరికింది. ఇవాళ పాత ట్రాక్టరు కాబట్టి ఎలాగో గట్టెక్కాం. రేపు?

మన చుట్టుపక్కల సున్నపురాయి క్వారీల్లో తిరిగే భారీ డంపర్లు చూస్తుంటారు. అలాంటి బండ్లలో చాలావాటికి క్లచ్చి పెడలు ఉండదు, గేరు దానంతట అదే మారుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే, ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇంజను శక్తి ఆయిల్ ద్వారా గేర్లకు చేరుతుంది. దాన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. లోపల మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు, బయట ఒక పళ్ల రింగు ఉంటాయి. ఆయిల్ ప్రెజరుతో క్లచ్చి ప్లేట్ల కట్టలు బిగుసుకుంటే ఒక గేరు, వదిలితే ఇంకో గేరు. ఏ దారిన ఆయిల్ పోవాలో వాల్వు బాడీ చెబుతుంది. దీన్నీ విప్పి కట్టవచ్చు. శుభ్రత ఎక్కువ కావాలి, గుడ్డ పీచు ఒక్కటి వాల్వులో ఇరుక్కున్నా గేరు పడదు. కొత్త ప్లేట్లు ఆయిల్లో నానబెట్టాలి, గాలి పెట్టి పిస్టన్లు కదులుతున్నాయో చూడాలి. చెయ్యి తిరిగిన మిస్త్రీ నేర్చుకోగలడు. కానీ కంప్యూటరుతో నడిచే వాటిని కట్టిన తర్వాత ఆ కంప్యూటరుకు చెప్పి సరిచేయాలి. ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటే, కట్టడం వచ్చినా బండి కదలదు.

ఇది మన పొలాల్లోకీ వస్తోంది. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. వాటితో ఎలక్ట్రానిక్ ఇంజెక్షను, దాన్ని నడిపే కంప్యూటరు వచ్చాయి. కొన్ని వరికోత మిషన్లు ఆయిల్ ప్రెజరుతోనే నడుస్తున్నాయి. కొన్ని ట్రాక్టర్లలో ముందుకు, వెనక్కు క్లచ్చి తొక్కకుండానే మారుతున్నాయి. పొగ తగ్గడం మంచిదే, డ్రైవరుకు కాలునొప్పి తగ్గడం మంచిదే. తాళం చెవి మాత్రం కొన్నవాడి దగ్గర ఉండాలి.

అమెరికాలో రైతులు ఈ గొడవ మనకంటే ముందే పడ్డారు. సాఫ్ట్‌వేరు కంపెనీ చేతిలో ఉండడంతో కోత మధ్యలో మిషను ఆగితే డీలరు వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. పోరాడితే 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలైంది. తయారుచేసిన కంపెనీ పుస్తకాలు, భాగాలు, సాఫ్ట్‌వేరు రైతుకూ, బయటి మెకానిక్‌కూ అందుబాటులో ఉంచాలి. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ కంపెనీ మీద ఇదే విషయంలో కేసు వేసింది.

మన దేశంలోనూ మొదలు లేకపోలేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మార్కెట్లో దొరక్కుండా చేశారన్నది నేరం. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి, కానీ సూత్రం మనకు ఉపయోగం. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఆ కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. అదే ఏడు డిసెంబరులో పోర్టల్ తెరిచారు. పోర్టల్ ఉంది, చట్టం లేదు. కంపెనీ ఇష్టపడితే సమాచారం పెడుతుంది, లేకపోతే లేదు.

ఈలోపు మన చేతిలో ఉన్నవి వాడుకుందాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే యంత్రం కొన్నవాడు వినియోగదారుడే. సొంత సేద్యానికి ట్రాక్టర్ కొన్న రైతు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ గేర్‌బాక్సు, క్లచ్చి అసెంబ్లీ, బ్రేకుల అసెంబ్లీ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి తీసుకోండి, శాతం చూడండి. బిల్లు లేకపోతే తగ్గింపూ లేదు, కేసూ లేదు.

చివరగా సంఘం ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, మరమ్మతు హక్కుకు కేంద్రం చట్టం చేయాలని తీర్మానం చేద్దాం. వర్క్‌షాపు పుస్తకం తెలుగులో ఇవ్వాలి, భాగాలు విడివిడిగా అమ్మాలి, కంప్యూటరు పరీక్ష పరికరం బయటి మెకానిక్‌కూ ఇవ్వాలి, మోడల్ ఆపేసినా పదేళ్లు విడిభాగాలు దొరకాలి.

రెండు, యాంత్రీకరణ పథకాల్లో సబ్సిడీ ఎక్కువగా కొత్త మిషను కొనడానికే ఇస్తున్నారు. పాతదాన్ని బాగుచేసే పనిముట్లకు, గ్రామ యువకుల శిక్షణకు కూడా ఇవ్వాలని అడుగుదాం.

మూడు, మనం చేయగలిగింది. నందిగామలో ఒకటి, జగ్గయ్యపేటలో ఒకటి సంఘం తరఫున పనిముట్ల పెట్టె పెడదాం. చెయిన్ బ్లాకు, బేరింగు పుల్లరు, టార్కు రెంచి, డయల్ గేజీ, గట్టి స్టాండ్లు. ఒక్క రైతు కొనలేడు, వందమందికి పెద్ద భారం కాదు. కౌలు రైతుకు అద్దె లేకుండా ఇద్దాం, ఎందుకంటే పాత ట్రాక్టర్లు ఎక్కువగా ఉన్నది వాళ్ల దగ్గరే, ఆగితే ముందు మునిగేదీ వాళ్లే.

నాలుగు, ఎవరు ఏ మిషను విప్పినా, ఏ భాగం పోయింది, నంబరు ఎంత, ఎక్కడ దొరికింది, ఎంత అయింది ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. రేపు ఢిల్లీలో మద్దతు ధర లెక్క వేసేవాళ్ల ముందు మరమ్మతు ఖర్చు ఇదిగో అని పెట్టడానికీ ఆ పుస్తకమే సాక్ష్యం.

మా ఊరి గేర్‌బాక్సు తాలూకు ఫొటోలు, బేరింగు నంబర్లు ఒక నోటు పుస్తకంలో రాసి తెచ్చాను. భోజనాల తర్వాత ఆ మూల బల్ల మీద ఉంటుంది. చూసి, మీ ట్రాక్టర్లవి కూడా అందులో రాయండి. సెలవు.