కుంతాలకు ప్రాణం కడెం వాగు

ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలోని అడవిలో కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి అంచెలంచెలుగా దూకుతుంది. అదే కుంతాల జలపాతం. ఎండాకాలంలో సన్నని ధార. జూలై, ఆగస్టు వానలకు చెవులు హోరెత్తించే వరద. వానలు వెనకబట్టాక కూడా కొన్నాళ్లు తేటనీరు పారుతోందంటే అది అడవి చలవే. రాలిన ఆకులు, చెట్ల వేళ్లు వాననీటి పరుగును ఆపి నేలలోకి ఇంకిస్తాయి. ఆ ఊటలే మెల్లమెల్లగా వాగులో చేరతాయి. అందుకే పైన చెట్లు నరికితే కింద జలపాతం త్వరగా ఎండుతుంది. దిగువన ఈ నీరే కడెం జలాశయాన్ని నింపి, పొలాలు తడిపి, గోదావరిలో కలుస్తుంది. శివరాత్రికి ఇక్కడి సోమేశ్వరుణ్ణి కొలవడానికి భక్తులు వస్తారు. మీరూ తప్పక వెళ్లండి, మడుగుల్లోకి మాత్రం దిగకండి. ఎగువన వాన పడితే, ఇక్కడ చినుకు లేకున్నా వాగు ఒక్కసారిగా పొంగుతుంది.