కాలం ధారా? గింజలా?

(రాత్రి బడిలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



పోయిన నెలలో మనం గడియారం చూడటం నేర్చుకున్నాం. చిన్న ముల్లు గంటలు చెబుతుంది. పెద్ద ముల్లు నిమిషాలు చెబుతుంది. సన్న ముల్లు సెకండ్లు చెబుతుంది. బస్సు ఎప్పుడొస్తుందో, బిడ్డకు మందు ఎప్పుడెయ్యాలో ఇప్పుడు మీరే చూసుకుంటున్నారు. ఎన్ని గంటలు పని చేశామో మేస్త్రీని అడగక్కర లేదు.

ఆ రోజు వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ ఒక మాట అడిగింది.

"పంతులమ్మా! ఆ సన్న ముల్లు టిక్కుమని దూకుతుంది. ఆగుతుంది. మళ్ళీ దూకుతుంది. టిక్కుకీ టిక్కుకీ మధ్య కాలం కూడా ఆగుద్దా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "అవన్నీ మనకెందుకులే పెద్దమ్మా, లెక్క చెయ్యి" అన్నాను. ఆమె తల దించుకుంది. తర్వాత మూడు రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగాను. "నేనేదన్నా అడిగితే నవ్వుతారు. ఎందుకొచ్చేది?" అంది.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాను. సిగ్గేసింది. ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇప్పటికీ అడుగుతున్న ప్రశ్న. పెద్దమ్మ ఇవాళ వచ్చింది. ఈ మాటలు ముందుగా ఆమెకే చెబుతున్నాను.

మొదట టిక్కు సంగతి చూద్దాం. మన గోడ గడియారంలో ఒక చిన్న యంత్రం ఉంది. అది సెకండుకు ఒకసారి ముల్లును నెడుతుంది. ముల్లు ఆగినప్పుడు కూడా పొయ్యి మీద పాలు కాగుతూనే ఉంటాయి. కాబట్టి ఆగేది ముల్లు. కాలం కాదు.

పూర్వం మన దేశంలో కాలాన్ని నీళ్ళతో కొలిచేవారు. అడుగున సన్న బెజ్జం ఉన్న రాగి గిన్నెను తొట్టి నీళ్ళ మీద వదిలేవారు. నీళ్ళు నిండి గిన్నె మునిగితే ఒక గడియ. అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. గిన్నెలోకి నీళ్ళు ఆగకుండా ఎక్కుతాయి. మనం లెక్కపెట్టేది మాత్రం ఎన్నిసార్లు మునిగిందని. ఒకటి, రెండు, మూడు. ధార వేరు. లెక్క వేరు.

ఇప్పుడు సెకండును ఇంకా నిక్కచ్చిగా కొలుస్తున్నారు. సీజియం అనే లోహం ఉంది. దాని పరమాణువుల నుంచి వచ్చే తరంగాలను లెక్కపెడతారు. 919,26,31,770 తరంగాలు అయితే ఒక సెకండు. చదవండి. 919 కోట్ల 26 లక్షల 31 వేల 770. ఇది 1967లో చాలా దేశాలు కలిసి ఒప్పుకున్న లెక్క.

మరి అసలు కాలం ఎట్లాంటిది? ధార లాంటిదా? గింజల రాశి లాంటిదా?

న్యూటన్ అనే శాస్త్రవేత్త 1687లో అచ్చయిన తన పుస్తకంలో, కాలం తనంతట తాను ఒకే తీరుగా సాగుతుందని రాశాడు. అంటే ధార అన్నమాట.

కానీ మన కన్ను మోసపోతుంది. దూరం నుంచి బియ్యం రాశి తెల్లటి ముద్దలా కనపడుతుంది. దగ్గరికెళితే గింజలు. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు మారతాయి. మనకు మాత్రం మనిషి ఆగకుండా నడిచినట్టే ఉంటుంది. నీళ్ళు కూడా ధారలా ఉంటాయి. కానీ అవి కంటికి కనపడని అణువుల గుంపు. వెలుగు కూడా చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. తర్వాత అది రుజువైంది.

అందుకే కొందరికి అనుమానం వచ్చింది. కాలం కూడా గింజలేనేమో?

జర్మనీ శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ 1899లో చాలా చిన్న కాలం ఒకటి లెక్కగట్టాడు. పలకలు తీయండి. 1 వెయ్యండి. పక్కన 44 సున్నాలు పెట్టండి. పలక చాలదు! ఒక సెకండును అన్ని ముక్కలు చేసి, అందులో అయిదారు ముక్కలు తీసుకుంటే ప్లాంక్ కాలం. అంతకన్నా చిన్న వేళలో ఇప్పటి సూత్రాలు పనిచెయ్యవని శాస్త్రవేత్తల అంచనా. కాలం గింజ ఉంటే అక్కడే ఉండాలని కొందరు అంటారు.

దాన్ని చూడగలమా? 2023లో భౌతికశాస్త్రం నోబెల్ బహుమతి ముగ్గురికి ఇచ్చారు. వాళ్ళలో ఒకరు ఆడమనిషి. పేరు ఆన్ లుయియే. స్వీడన్ దేశంలో పాఠాలు చెబుతారు. వీళ్ళ పని వల్ల ఆటోసెకండు అనే చిన్న కాలాన్ని అందుకోగలిగాం. సెకండును 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని ముక్కలు చేస్తే, ఒక ముక్క ఆటోసెకండు. బహుమతి కబురు వచ్చే వేళకు ఆమె తరగతిలో ఉన్నారు. కబురు విని, మళ్ళీ వెళ్ళి మిగతా పాఠం పూర్తి చేశారు.

ఇప్పుడు తీసివేత చెయ్యండి. 44లో 18 పోతే 26. ఆటోసెకండు నుంచి ప్లాంక్ కాలానికి ఇంకా దాదాపు అన్ని సున్నాల దూరం ఉంది.

కాబట్టి పెద్దమ్మా, జవాబు ఇది. ఇప్పటి భౌతికశాస్త్రం కాలాన్ని ధారగా తీసుకునే లెక్కలు చేస్తుంది. ఆ లెక్కలు బాగా కుదురుతున్నాయి. కాలం గింజ ఏ ప్రయోగంలోనూ కనపడలేదు. కనపడలేదు గాబట్టి లేదని కూడా చెప్పలేం. సూక్ష్మదర్శిని రాకముందు నీళ్ళలో క్రిములూ కనపడలేదు గదా!

ప్రపంచంలో ఎవరికీ ఈ ప్రశ్నకు చివరి జవాబు తెలియదు. తెలియదు అనడం తప్పు కాదు. అడిగినవాళ్ళను చూసి నవ్వడం తప్పు. ఆ తప్పు నేను చేశాను.

రేపు వచ్చేటప్పుడు మీ పలక మీద ఒక ప్రశ్న రాసుకు రండి. ఏదైనా సరే. నాకు తెలిస్తే చెబుతాను. తెలియకపోతే కలిసి వెతుకుదాం.

సెలవు.