రోజుకో నిమ్మకాయ

ఈ టేబుల్ మీద ఉన్నవి 31 నిమ్మకాయలు, అన్నీ ఆరంగుళాల బోర్డుల మీద. మొదటిది చూడండి, బంగాళాదుంపలా ఉంది కదా? అమ్మ కూడా అదే అడిగింది.

జాబ్ మానేశాక చూసుకుంటే, బీటెక్ నుంచీ నేను మొదలుపెట్టి పూర్తి చేసింది ఒక్కటీ లేదు. గిటార్ రెండు వారాలు, జిమ్ ఒక నెల. అందుకే చిన్న బోర్డు. బాగున్నా బాగోకపోయినా గంటన్నరలో అయిపోవాలి. అమెరికాలో డ్వేన్ కైజర్ అనే పెయింటర్ 2004 డిసెంబర్‌లో ఇలాగే రోజుకో చిన్న బొమ్మ మొదలుపెట్టారు. ఇటలీలో మొరాండీ అయితే దశాబ్దాల పాటు అవే సీసాలు, అవే గిన్నెలు వేశారు. నా నిమ్మకాయ ఎంత చెప్పండి!

నా తప్పేంటంటే, నీడ కోసం నలుపు కలిపేవాణ్ణి. పసుపులో నలుపు కలిస్తే ఆకుపచ్చగా మారుతుంది. పన్నెండో రోజు దాకా తెలీలేదు. ఇప్పుడు చిటికెడు ఊదా కలుపుతున్నా. ఇంకోటి, కళ్ళు సగం మూసి చూడండి. వెలుగు, నీడ రెండు ముక్కలుగా విడిపోతాయి. ముందు అవి పెట్టేయండి.

లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని మాత్రం ముద్దగా పడేయొద్దు. ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్ళలో తడిపి, బయట పరిచి ఆరబెట్టండి.

మధ్యలో జ్వరమొచ్చి నాలుగు రోజులు వేయలేదు. ఐదో రోజు కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆ రోజు వేసిందాన్ని అమ్మ తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టింది, ఏమీ అనలేదు.

రేపటి నుంచి వంకాయ.