శిశువుల మధుమేహము – వంశపారంపర్యము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు గల మన్యపు సరిహద్దు గ్రామములలో ఒక బిడ్డకు దినదినమును ఇన్సులిన్ సూదిమందు కావలయునని తెలిసినంతనే పుట్టు ప్రశ్న, ఆ యింటి పిల్ల నెవరు చేసికొందురనునది. బిడ్డ బ్రతుకును గూర్చిన ప్రశ్న తరువాత వచ్చును! నేడు మొదటి ప్రశ్నకే సమాధానము చెప్పదలచితిని.

పెద్దలకు నడివయస్సున వచ్చు చక్కెరవ్యాధి వేఱు, ఇది వేఱు. దేహమునకు కావలికాయు తెల్లకణములు భ్రమపడి, క్లోమములో ఇన్సులిన్ పుట్టించు కణములనే నశింపజేయుటచే ఇది కలుగును. తనదేదో పరాయిదేదో ఆ కావలివారికి తెలుపు గుర్తులను నిర్మించు జన్యువులు 6వ క్రోమోజోముపై నున్నవి. వానికి హెచ్.ఎల్.ఏ. జన్యువులని పేరు. వానిలో డి.ఆర్.3, డి.ఆర్.4 అను రకములు గలవారికి భయ మధికము. మన దేశమున డి.ఆర్.3 ముఖ్యము. ఇది ఏ యొక కులమునకును సొత్తు కాదు. ఐరోపావారి జన్యువులనుబట్టి కట్టిన భయపు లెక్క మనవారియందు కొంత తక్కువగానైనను పనిచేయుచున్నదని హైదరాబాదు సి.సి.ఎం.బి., పూనా కె.ఇ.ఎం. ఆసుపత్రి, ఎక్సెటర్ విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు 2020లో వెల్లడించిరి.

ఐనను ఈ గుర్తులు గలవారిలో అత్యధికులకు వ్యాధి రానే రాదు. పాశ్చాత్యుల లెక్కలలో, తండ్రికి వ్యాధి యున్నచో బిడ్డకు వచ్చుట నూటికి సుమారు 6. తల్లికున్నచో అంతకన్నను తక్కువ. ఒకే పిండమునుండి పుట్టిన కవలలలో సైతము ఒకరికి వచ్చి రెండవవారికి రాకుండుట కలదు. వ్యాధిగ్రస్తులైన బిడ్డలలో నూటికి 80 మందికి పైగా ఇండ్లలో అంతకుముం దెవరికిని లేదు.

మన యేజెన్సీ ప్రాంతమున ఎఱిగిన సికిల్ సెల్ వ్యాధి సంగతి వేఱు. తల్లిదండ్రు లిరువురును ఆ జన్యువును మోయువారైనచో ప్రతి కాన్పునందును నాలుగింట నొకవంతు భయము. దానికై పెండ్లికి ముందు రక్తపరీక్ష న్యాయమే. శిశు మధుమేహము ఒక్క జన్యువుచే నిర్ణయమగునది కాదు. మేనరికమును వేఱు కారణములచే విమర్శింపవచ్చును, నేనును విమర్శింతును. ఈ నెపమున మాత్రము ఆ తల్లిదండ్రులను నిందింపరాదు.

అసలు భయము ఆలస్యమునందున్నది. ఇచ్చట పిల్లవాడు సోలిపోయిన మలేరియా యని తలంచుట వాడుక. తీరని దాహము, మాటిమాటికి మూత్రము, మానిన పక్క తడుపుట మరల మొదలగుట, తినుచున్నను చిక్కిపోవుట కన్పించిన నాడే వ్రేలినుండి ఒక బొట్టు నెత్తురు తీయించి చక్కెర చూపింపుడు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము వచ్చునప్పటికి రక్తమున ఆమ్లము పెరిగియుండును. ఆకుపసరులతో గడుపుటకు వ్యవధి లేదు. 1921లో టొరాంటోయందు ఇన్సులిన్ కనుగొనబడకముందు ఇట్టి బిడ్డలు కొలది మాసములలోనో, ఒకటి రెండేండ్లలోనో గతించెడివారు.

మందు ఎండకు చెడును. మంచుపెట్టె లేనిచోట, తడియిసుక నడుమ మట్టిపిడతలో, నీరు తగులకుండ నుంచుడు. 2022 జూలైలో భద్రాచలమున గోదావరి 71 అడుగులు దాటి దారులు తెగినవి. కనుక వానకాలమునకు ముందే నెలకు సరిపడు మందు ఇంట నుండవలయును. పోషకులు విద్యార్థి నిధినుండి కొంత తీసి, మన వసతిగృహములలో చక్కెర చూచు యంత్రము నొక్కొక్కటి యుంచుటకు ఈ సభలోనే తీర్మానింప ప్రార్థించుచున్నాను.