సెలోపెహాదు కుమార్తెలు – మాంట్‌గోమరీ స్త్రీలు
(శతాబ్ది ఉత్సవములలో స్త్రీల సమాజ కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు కనబడుచున్నారు. తండ్రి అరణ్యములో చనిపోయినాడు. కుమారులు లేరు. ఆడపిల్లలకు స్వాస్థ్యమిచ్చు ఆచారము లేదు. వారు మోషే యెదుట, యాజకుని యెదుట, సర్వసమాజము యెదుట నిలిచి తమ భాగము అడిగినారు. వారు అడిగినది న్యాయమని దేవుడే తీర్పు చెప్పినాడు. న్యాయమని మనమందరము ఒప్పుకొందుము. అయితే అడుగుటకు ముందు ఆ రాత్రి వారి గుడారములో ఎంత తర్జనభర్జన జరిగినదో ఎవరైన ఆలోచించినారా?

అమెరికా దేశమున అలబామా రాష్ట్రములోని మాంట్‌గోమరీ పట్టణములో కూడ అటువంటి స్త్రీలున్నారు. అక్కడ సిటీ బస్సులలో ముందు వరుసలు తెల్లవారివి. వారికి చోటు చాలకపోతే నల్లజాతివారు లేచి నిలబడవలెను. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అమ్మగారు లేవనందుకు అరెస్టయినారు. నల్లజాతి ప్రజలు 381 దినములు బస్సెక్కలేదు. ఈ సంగతులును, డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ గారి పేరును మీరెరిగినవే. అయితే ఆ చట్టమును కొట్టివేయించిన దావాలో వాదులు కింగ్ గారు కారు, పార్క్స్ గారును కారు. 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ కోర్టులో దావా వేసినవారు అయిదుగురు స్త్రీలు.

వారిలో సూసీ మెక్‌డొనాల్డ్ డెబ్బది దాటిన అవ్వ. ఆరీలియా బ్రౌడర్ ముప్పది యేడేండ్ల తల్లి. మేరీ లూయీస్ స్మిత్ పదునెనిమిదేండ్లది. క్లాడెట్ కోల్విన్‌కు పదునారే. ఆ దావాకు రెండు దినముల ముందు కింగ్ గారి ఇంటి మీద బాంబు పడినది. ఆ సమయమున భార్యయు పసిబిడ్డయు ఇంటిలోనే ఉన్నారు, దేవుడు కాపాడినాడు. ఇది తెలిసియే వారు సంతకము చేసినారు.

అయిదవ ఆమె బెదిరింపులకు తాళలేక త్వరలోనే తప్పుకొన్నది. ఆమెను నిందించుట నా ఉద్దేశము కాదు. ఆ ఊరి నల్లజాతి స్త్రీలలో అనేకులు తెల్లవారి ఇండ్లలో వంటపని, అంట్లపని చేసి బ్రతికినవారు. పని పోతే పొయ్యిలో పిల్లి లేవదు. అటువంటివారిని ధైర్యము లేదని తిట్టుట సులభము. వారి పిల్లలకు అన్నము పెట్టుటకు సంఘము సిద్ధముగా ఉన్నదా?

ఇందుకు దారి చూపినది జార్జియా గిల్మోర్ అను వంటమనిషి. కింగ్ గారి పక్షమున కోర్టులో సాక్ష్యమిచ్చినందుకు ఆమె ఉద్యోగము పోయినది. ఆమెయు తోటి స్త్రీలును కోడికూర రొట్టెలు, తీపి వంటకములు చేసి అమ్మి, ఆ డబ్బు ఉద్యమమునకు ఇచ్చినారు. ఎవరిచ్చినారని అడిగితే పేర్లు చెప్పరు. అందుకే తమ సమాజమునకు ‘ఎక్కడనుండియు కాని క్లబ్బు’ అని పేరు పెట్టుకొన్నారు. బయటకు వచ్చి నిలువలేనివారికి కూడ ఆ వంటగదిలో భాగము దొరికినది.

ఇక క్లాడెట్ సంగతి. పార్క్స్ గారికి తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, పదునైదేండ్ల ఈ బడిపిల్ల సీటు విడువక అరెస్టయినది. ఆమె తల్లియు, సంఘ కాపరియు వచ్చి విడిపించినారు. అయినను నాయకులు ఆమెను ముందు నిలుపుటకు వెనుదీసినారు: చిన్నది, పేదింటిది, తరువాత పెండ్లి కాకుండ గర్భవతి అయినది. ఆ మాటలన్ని విని కూడ ఆమె దావాలో చేరినది. 1956 మేలో చంటిబిడ్డ తల్లిగా కోర్టులో సాక్ష్యమిచ్చినది. జూన్ 5న కోర్టు వారి పక్షమున తీర్పు చెప్పినది, నవంబరు 13న సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. పెద్దలు ప్రక్కకు నెట్టిన పిల్ల సాక్ష్యము కూడ ఆ తీర్పులో ఉన్నది. పరువు చూచుకొని మనుష్యులను ఎంచుకొనే సంఘము ఈ సంగతి మరువరాదు.

ఇది దూరదేశపు కథ అనుకొనవద్దు. 1985 జూలైలో మన కారంచేడులో దళితులు త్రాగే చెరువు నీటిని మురికి చేయుచుండగా, దెబ్బ పడబోయినప్పుడు బిందె ఎత్తి అడ్డుకొన్నది మున్నంగి సువార్త అను స్త్రీ. మరునాటి దాడిలో ఆరుగురు చంపబడినారు. మిగిలినవారు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. ఆనాడు ఆ ఆవరణ గేటు తెరచియున్నది.

ప్రియులారా, నూరేండ్లుగా మన సంఘములలో అవ్వలు ప్రార్థించినారు, తల్లులు పిడికెడు బియ్యము ఎత్తిపెట్టినారు, కుమార్తెలు చదువుకొన్నారు. రేపు ఒక ఆడబిడ్డ అన్యాయమును ఎదిరించి వచ్చి మన మందిరపు గుమ్మములో నిలిచినప్పుడు, ఆమె నడత ఎటువంటిదని ముందు అడుగుదుమా, లోపలికి పిలిచి అన్నము పెట్టుదుమా? చేరవలెనా వద్దా అని ఆమె ఒంటరిగా తేల్చుకొనవలసిన అగత్యము రాకుండ చూచుట మన పని. మోషే ఆ కుమార్తెల మాటను దేవుని యెదుటికి తీసికొనిపోయినాడు. మనమును అట్లు చేయుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.